ఏడో గెలాక్సీ

“ఏరియేటర్లు ఆపితే నీళ్లలో గాలందక నా రొయ్యలు చచ్చిపోతాయి. మీ గెలాక్సీలకేమైద్దండీ?”

అల్లూరు దగ్గర రొయ్యల చెరువు గట్టుమీద బెన్హర్ అడిగిన మొదటి ప్రశ్న అది. వాటిని తిప్పే జనరేటర్ మోతకు తన గెలాక్సీల ఆన్‌లైన్ మీటింగ్ వినపడటం లేదని పోట్లాటకొచ్చిన క్యాథరిన్‌కు కోపం బదులు నవ్వొచ్చింది.

బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్న ఆమె థీసిస్ ఇచ్చేసి, ఆన్‌లైన్ వైవాకు తయారవడానికి ఇంటికొచ్చింది. సర్పిల గెలాక్సీలను పరారుణ కాంతిలో తీసిన చిత్రాలు చూసి, వాటి రంగులను బట్టి ముసలి నక్షత్రాలెక్కడో, పడుచువెక్కడో లెక్కగడుతుంది.

“రంగు చూసి వయసు చెప్తారా? నాదెంతో చెప్పండి,” అన్నాడు బెన్హర్ ఓ సాయంత్రం టీ అందిస్తూ.

“ధూళి అడ్డమొస్తుండాది. మొహం కడుక్కోని రండి.”

అలా నెల గడిచింది. వైవా రోజు పొద్దున్నే వాయుగుండం. ఊరంతా కరెంటు పోయింది. లాప్‌టాప్ పట్టుకుని ఆమె జనరేటరున్న అతని షెడ్డుకే పరుగెత్తింది.

“ఏందట్లా ఉండారు?”

“నిన్న నా తప్పు నేనే కనిపెట్టినా. పరారుణంలో ఆకాశం కూడా వెలుగుతా ఉంటది. ఆ వెలుగు తీసేసి గెలాక్సీని కొలవాల. ఏడోదానికి సరిగ్గా తీయలా. చెప్తే పట్టా పోతుందేమో. చెప్పకపోతే ఎవరికీ తెలీదు.”

బెన్హర్ సలహా ఇవ్వలేదు. “మీ చోట నేనుంటే నాకూ భయమేసేది,” అన్నాడు నెమ్మదిగా.

వైవా మొదలైన ఇరవై నిమిషాలకు చెరువు దగ్గర పనిచేసే గురవమ్మ బయటినుంచి కేక వేసింది. గట్టు తెగింది. బెన్హర్ ఇసుక బస్తా ఎత్తుకుని గండిలోకి దిగడం కిటికీలోంచి కనిపించింది. మరుక్షణం అతను లేడు.

“క్యాథరిన్, ఏడో గెలాక్సీ రంగు గురించి...” స్క్రీన్‌లో పరీక్షకుడు అడుగుతున్నాడు.

“ఒక్క నిమిషం సార్!”

వానలో పరుగెత్తింది. “బెన్హర్! బెన్హర్!” గొంతు గాలికి కొట్టుకుపోయింది. బురదనీళ్లు తప్ప ఏమీ లేవు. చివరికి గండికి అవతల, ఏరియేటర్ కొయ్యను పట్టుకుని దగ్గుతున్న అతన్ని గురవమ్మ చూపించింది. ఇద్దరూ తాడు విసిరి లాగారు.

ఒళ్లంతా బురదతో ఆమె మళ్లీ స్క్రీన్ ముందు కూర్చుంది. భయం పోలేదు, అయినా చెప్పేసింది. “సార్, ఏడోది తప్పు. నిన్ననే తెలిసింది.”

అవతల పరీక్షకుడు థీసిస్‌లో ఆ పేజీ తిప్పి చూశాడు.

“మూడు నెలల్లో మళ్లీ కొలిచి పంపించండి. అప్పటిదాకా పట్టా ఆగుతుంది.”

కాల్ ముగిసింది. తువ్వాలు కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు బెన్హర్.

“భయపడినారా?”

“వాళ్లకు చెప్పేటప్పుడు పడినా. నువ్వు నీళ్లలో కనపడనప్పుడు మాత్రం... ప్రాణం పోయింది.”

‘నువ్వు’ అన్న మాటకు అతని చెవులు ఎర్రబడ్డాయి.

“నేను నెలంతా భయపడతానే ఉండా,” అన్నాడు. “ఈ వైవా అయిపోతే నువ్వు బెంగళూరు పోతావని. ఇంక మూడు నెలలుంటావుగా?”

“లెక్కకు మూడు నెలలు చాలు,” అందామె అతని చెయ్యి పట్టుకుని. “నీతో ఉండేదానికి చాలవు. మా అమ్మతో నువ్వే వచ్చి మాట్లాడు.”