పైన సాక్సోఫోన్, కింద కుక్కర్

బీరమ్మ చెప్పిందని పక్కింటి వేదవతి చెప్పిన మాట ఇది. చిక్కడపల్లిలో కనకయ్య గారింటి మీది పోర్షన్‌లో ఉండే సాక్సోఫోన్ పిల్లవాడు ఫణీంద్ర, కనకయ్య గారి అమ్మాయి స్నేహలతను మెట్ల మీద ఆపి, "కుక్కర్ ఎప్పుడు పెడతరు?" అని అడిగాడట. పూలమ్మే బీరమ్మ గంప దించేలోపే ఆ మాట గాంధీనగర్ దాకా పోయి, "కాపురం ఎప్పుడు పెడదాం" అయి తిరిగొచ్చింది.

అడిగింది మాత్రం నిజంగా కుక్కర్ గురించే.

పెళ్లి బ్యాండులో వాయించి వాయించి విసిగిన ఫణీంద్ర, తొంభై అయిదులో బయటి చప్పుడు రాకుండా పరుపు గోడకు ఆనించి, తన గదిలోనే స్మూత్ జాజ్ అనే మెత్తటి విదేశీ బాణీలో కాసెట్ ఒకటి రికార్డు చేశాడు. మూడో పాటలో కిందింటి కుక్కర్ విజిళ్లు మూడు పడ్డాయి. ఏం చేయాలో తెలియక వదిలేశాడు. ఇంగ్లీషు పేపరు విమర్శకుడు మురిసిపోయి, "మంచులో కదిలిపోయే రైలులా ఆ దూరపు కూత! ఇంత సాహసం ఎవరు చేశారు?" అని రాశాడు.

రెండో కాసెట్ అసలైన స్టూడియోలో చేశాడు. "వెన్నలా జారింది. కానీ ఆ రైలేది?" అన్నాడు అదే విమర్శకుడు.

కాసెట్ కంపెనీ శ్రీరామమూర్తి గారు తేల్చేశారు. "మూడోదాంట్ల రైలు లేకుంటే మళ్ల బ్యాండుకే పో."

అందుకే ఆ రోజు మెట్ల మీద నిలబడ్డాడు. స్నేహలత అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు పోతుంది. అప్పటిదాకా వాళ్లిద్దరి మాటలన్నీ చీపురుతోనే. అతను పైన వాయిస్తే ఆమె కిందనుంచి స్లాబును పొడిచేది.

"ఏంది, కుక్కర్ కిరాయికి కావాల్నా?" అంది.

"కాదండి. పప్పు పెట్టే టైం చెప్తే, అప్పుడే వాయిస్త."

జేబులోంచి పేపరు కత్తిరింపు తీసి ఇచ్చాడు. ఆమె చదివి, మెట్టు మీదే కూలబడి నవ్వింది.

"మా కుక్కర్ రైలా? గ్యాస్కెట్ పోయి ఏడుస్తది అది."

"గ్యాస్కెట్ మాత్రం జర మార్చకుండ్రి."

"పదకొండింటికి విజిల్ పడతది. ఆరు దాటితే మీ బాజా బందు. నాకు పరీక్షున్నది."

విజిల్ పడబోయే ముందు ఆమె సగం మెట్లెక్కి చెయ్యి ఊపేది. అతను ఆ చేతినే చూస్తూ పాట తప్పేవాడు. తప్పితే మర్నాడు మళ్లీ పప్పు. కనకయ్య గారు నెల్లాళ్లు నోరెత్తకుండా పప్పే తిన్నారు.

ఒక రోజు సన్నగా వాన. చెయ్యి ఊపి కూడా ఆమె దిగిపోలేదు.

"మూడు దినాల సంది మీ టేపు తిరుగుతలేదు," అంది.

"ఎట్ల తెల్సు?"

"ఎర్ర లైటు వెలుగుతలేదు."

"మరి చెయ్యెందుకు ఊపిన్రు?"

ఆమె చున్నీతో మొహం తుడుచుకుంది. తడిసింది జుట్టే కాని మొహం కాదు. గబగబా దిగిపోయింది.

మూడో కాసెట్ వచ్చింది. "ఈసారి సాక్సోఫోన్ రైలు కోసం కాదు, రైలు దిగే మనిషి కోసం ఎదురుచూస్తోంది" అని రాశాడు విమర్శకుడు. స్నేహలత రెండుసార్లు చదివింది.

"ఈ పేపరాయనకు చెవులున్నయి. ఆదివారం వచ్చి మా నాయినతోని మాట్లాడుండ్రి."

ఆదివారం కనకయ్య గారు కళ్లద్దాలు తుడుచుకుని మూడు కత్తిరింపులూ చదివారు. "పేపర్ల మూడుసార్లు రాసిండ్రంటే పిలగాడు మంచోడే. నాకైతే ఇష్టమే," అన్నారు.

గండం గడిచిందనుకున్న ఫణీంద్రకు నోరు ఊరుకోలేదు. "అంతా మీ అమ్మాయి చేతి చలువండి. మొదటి కాసెట్‌ల ఆ విజిల్ పడ్డనాడే అనుకున్న, ఈ కుక్కర్ పెట్టిన చెయ్యెవరిదో గాని, నా బతుకు ఆ చేతితోనే అని."

తలుపు చాటునుంచి స్నేహలత ఆపమని చెయ్యి ఊపింది. నెల్లాళ్లు ఆ చెయ్యి తప్ప ఇంకేమీ చూడనివాడు, ఆ ఒక్కసారే చూడలేదు.

వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న తల్లి భూదేవి తలెత్తింది.

"అన్నిసార్లు కుక్కర్ పెట్టింది నేను. దానికి ఇప్పటికీ అన్నం వండుడు రాదు."