చుట్టాలమ్మాయి

పొద్దున్నే అఫ్జల్ వరండా శుభ్రంగా ఊడ్పించి కుర్చీలు వేయించాడు. వీఆర్వో పెంచలకృష్ణ విచారణకు వస్తున్నాడు. మస్కట్‌లో టైలరు షాపు నడిపిన తండ్రి పీర్ సాహెబ్ మొన్నామధ్య అక్కడే కన్నుమూశాడు, ఖననమూ అక్కడే జరిగిపోయింది. ఆ షాపు వారసులకు దక్కాలంటే ఆయన కుటుంబంలో ఎవరెవరున్నారో సొంతూరు ముత్తుకూరు నుంచి సర్టిఫికెట్ పంపాలి.

ఉన్నది ముగ్గురు. భార్య బడేబీ, కొడుకు అఫ్జల్, కూతురు ఫర్జానా. అర్జీలో అఫ్జల్ చెల్లెలి పేరు రాయలేదు. రాస్తే ఆమె సంతకాలు కావాలి, ఆమె మొగుడితో మాట్లాడాలి. అతనితో అఫ్జల్‌కు మాటల్లేవు. తమ ఇళ్ళల్లో ఆడపిల్లలు ఎలాగూ వాటా అన్నకే వదిలేస్తారు, దానికింత తిప్పలెందుకని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ విద్యలో అతనికి సాటి లేరు.

మొగుడు పోయాక పాటించే ఇద్దత్తు గడువు తీరేదాకా బడేబీ పరాయి మగవాళ్ళ కంటపడదు. లోపలి గదికి తెర కట్టి ఉంది. అమ్మ బయటికి రాదన్న ధైర్యం కూడా అఫ్జల్‌కు ఉంది. అనుకోనిది ఒకటే జరిగింది. అమ్మను చూడాలనిపించి ఫర్జానా అత్తగారి ఊరు తడ నుంచి మొదటి బస్సుకే వచ్చి దిగింది.

వీఆర్వో వచ్చి కూర్చున్నాడు. పీర్ సాహెబ్ గారికి పిల్లలెంతమందని అడిగాడు.

"నేనొక్కణ్ణే సార్" అన్నాడు అఫ్జల్. సాక్షిగా వచ్చిన పక్కింటి ముత్యాలయ్య, ముందే చెప్పి పిలిపించిన మనిషి కాబట్టి, తల వంచుకుని కాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నాడు.

అప్పుడే ఫర్జానా టీ తెచ్చింది. అన్న మాట ఆమె చెవిన పడనే పడింది.

"ఈ అమ్మాయెవరు?" పెంచలకృష్ణ గ్లాసు అందుకుంటూ అడిగాడు.

అప్పుడైనా అఫ్జల్ నిజం చెప్పి ఉండొచ్చు. "మా చుట్టాలమ్మాయి సార్" అన్నాడు.

ఫర్జానా అన్న ముఖంలోకి చూసింది. "అవును సార్, చుట్టాన్నే" అని మెల్లగా చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వీఆర్వో రాసుకోబోతుంటే తెర వెనక నుంచి బడేబీ గొంతు వినిపించింది. మొగుడు పోయిన దగ్గర్నించీ ఆమె అంత గట్టిగా మాట్లాడింది లేదు.

"ఒరే అఫ్జలూ, మీ నాయన పండగ పండక్కీ రెండు జతల బట్టలు కుట్టి పంపినాడు గదరా. ఒకటి నువ్వు తొడుక్కుంటివి. రెండోది ఎవురు తొడుక్కున్నారో సారుకు చెప్పు."

అఫ్జల్‌కు నాయన పంపిన గౌన్లు కళ్ళముందు మెదిలాయి. చెల్లెలు చేతులు పైకెత్తి నిలబడితే తొడిగింది తనే. ముత్యాలయ్య ముందు, వీఆర్వో ముందు, అన్నిటికన్నా ఆ తెర ముందు అతనికి తల కొట్టేసినట్టయింది.

"ఇద్దరం సార్" అన్నాడు. "ఆ అమ్మాయి నా చెల్లెలు ఫర్జానా. రాసుకోండి సార్."

పెంచలకృష్ణ రాసుకుని, సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయాడు. నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే బాగుండుననిపించింది అఫ్జల్‌కు.

వంటింట్లో ఫర్జానా గ్లాసులు కడుగుతోంది. అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"షాపు నాకెందుకన్నా?" ఆమె వెనక్కి తిరగలేదు. "అడిగుంటే యాడ చెప్తే ఆడ సంతకం పెట్టేదాన్ని. నాయనకు నేనేమీ కానని మాత్రం రాయించబాక."

"మరి చుట్టాన్నని నువ్వెందుకన్నావు?"

"సారు ముందర మా అన్న అబద్ధం చెప్పినాడని తేలితే నాకు సిగ్గు గాదా?"

అఫ్జల్ గోడకు ఆనుకుని అక్కడే కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తెర వెనక నుంచి బడేబీ పిలిచింది. "ఫర్జానా, అన్న టీ తాగినాడామ్మా?"

"ఇస్తున్నానమ్మా" అంటూ ఫర్జానా కళ్ళు తుడుచుకుని, చల్లారిన టీ మళ్ళీ వేడిచేసి తెచ్చింది. అఫ్జల్ రెండు చేతులా అందుకున్నాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.