పటికలో కనిపించిన ముఖం

ఇక్రామ్‌కు దిష్టి మీద ఉన్నంత నమ్మకం డాక్టర్ల మీద లేదు. మొగుడు తుమ్మినా దిష్టే, అన్నం అడుగంటినా దిష్టే. ఆ రోజు తెల్లవారి నమాజు చాప మీద కూర్చుని, పోయిన తల్లి కోసం, మొగుడి చేతివేళ్ల కోసం, కొడుకు వ్యాపారం కోసం, చివరగా తాను ఎన్నడూ చూడని నదా అనే పెళ్లికూతురి కోసం అల్లాను వేడుకుని లేచింది. ఆ నదా ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక్రామ్ చెప్పలేదు.

కింద కార్ఖానాలో రంపం అప్పటికే మొదలైంది. పై అంతస్తులో కోడలు రబాబ్ ఉడికిన చిక్కుడు గింజల్లో నిమ్మకాయ పిండుతూ, బడికి వేళవుతోందని గడియారం వంక చూస్తోంది. ఆడపిల్లల వృత్తి పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతుందామె. హాల్లో ఒక మూల ఇంటి కంప్యూటర్, దాని మీద ఇక్రామ్ స్వయంగా అల్లిన లేసు ముసుగు. ఆ ముసుగు కింద యంత్రం హోరుమంటోంది.

"ఎవరూ కూర్చోకుండానే ఇది ఎందుకింతలా రొప్పుతోంది అత్తయ్యా? నిన్న లేసు సందుల్లోంచి చూశాను, కెమెరా దీపం దానంతట అదే వెలిగింది. ఒకసారి లోపల ఏముందో చూస్తాను," అంది రబాబ్.

"నా మోకాళ్లూ చప్పుడు చేస్తాయి. వాటి లోపల కూడా చూస్తావా?" అంది ఇక్రామ్.

మొగుడు హాజ్ రస్లాన్ పెన్సిలుతో గీసిన మంచాలు, అద్దాల బీరువాలు అన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. కోడలి చెయ్యి దాని మీద పడటం ఇక్రామ్‌కు మొదటినుంచీ గిట్టదు. దుమ్యాత్‌లో ఊరంతా మంచాలూ బీరువాలూ చేయడమే పని, ఎవరిని కదిపినా వడ్రంగి బిడ్డే, అది తప్పు కాదు. కానీ రబాబ్ అన్న ఫాయిజ్ చెక్కుడు పని చేసేది తమకు పోటీగా కాలువ పక్కన పెద్ద కొట్టున్న షల్కానీ దగ్గర. ఆ ముల్లు పెళ్లి నాడే ఇక్రామ్ గుండెలో దిగింది.

మెట్లు ఎక్కి కొడుకు వజీహ్ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఫోను తండ్రి ముందు పెట్టాడు. షల్కానీ కొట్టు కొత్త మంచమట. తలవైపు పలక మీద నెమలి, దాని తోక విప్పారి రెండు పక్కలా దీపాలను మోస్తోంది. రస్లాన్ నెల పాటు గీసి చెరిపి, చెరిపి గీసిన నెమలి అది. కింద కార్ఖానాలో ఇంకా ఒక్క ఉలి దెబ్బయినా పడలేదు. వెనకటి వేసవిలో ద్రాక్ష తీగల బీరువా కూడా ఇలాగే పోయింది.

రస్లాన్ ఫోను బోర్లించాడు. లేచి వెళ్లి శుభ్రంగా ఉన్న చేతులే మళ్లీ కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆ ఊళ్లో ముందు చూపించినవాడిదే నమూనా. ఇప్పుడు ఆ నెమలిని తాను చెక్కితే, ముసలివాడు షల్కానీని చూసి కాపీ కొట్టాడంటారు. ముప్పై ఏళ్లుగా సంపాదించుకున్న పేరు అది. దాన్ని ఎవరో ఇంట్లోంచే మోసుకుపోతున్నారు.

కాగితం హాలు దాటలేదనీ, కంప్యూటర్లోకి ఎక్కించింది తనేననీ, చూసింది ఇంట్లో నలుగురేననీ వజీహ్ అన్నాడు. ఇక్రామ్ కళ్లు నేరుగా కోడలి మీదికి వెళ్లాయి. రబాబ్ ఆ చూపు చూసింది. టీ గ్లాసు కింద పెట్టి బడికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఇక్రామ్ కుంపటి రాజేసి, ఏడుసార్లు ఇల్లంతా తిప్పిన పటిక ముక్కను నిప్పుల మీద వేసింది. తల్లి నేర్పిన విద్య అది. పటిక కరిగి, బుడగలు కక్కి, ఉబ్బి, చివరికి తెల్లగా గడ్డకట్టి ఒక రూపం తేలుతుంది. దిష్టి పెట్టినవాళ్ల ముఖం అందులో పడుతుందంటారు. ఇక్రామ్ పట్టకారుతో దాన్ని పైకెత్తి కిటికీ వెలుగులో తిప్పి చూసింది. వెనక్కి ముడేసిన తలగుడ్డ. కోసుగా ఉన్న చిన్న గడ్డం. ఇంకేం కావాలి?

సాయంత్రం రబాబ్ గడపలో అడుగు పెట్టేసరికి ఆ తెల్లటి గడ్డ బల్ల మీద కూర్చుని ఉంది. మామగారూ వజీహ్ తలలు వంచుకుని ఉన్నారు.

"చూసుకో," అంది ఇక్రామ్. "నీ ముఖమే. పుట్టింటి పొయ్యి వెలగాలంటే మెట్టినింటి దూలాలే కావాల్సి వచ్చాయా?"

రబాబ్ ఆ గడ్డను చూసింది, అత్తను చూసింది. ఆమెకు కోపం వచ్చి ఉంటే ఇక్రామ్‌కు తేలికయ్యేది. కానీ ఆ పిల్ల నిలబడ్డ చోటే తెల్లబోయి, మెల్లగా మొగుడి వైపు తిరిగింది. నువ్వేమంటావని అడిగింది.

"అమ్మ ఏదో ఆవేశంలో..." అని నసిగాడు వజీహ్.

"నేను అడిగింది అమ్మ సంగతి కాదు. నువ్వేమనుకుంటున్నావని."

వజీహ్ బల్ల మీది గడ్డ వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ నిమిషంలో రబాబ్ కళ్లలో ఏదో ఆరిపోవడం ఇక్రామ్ చూసింది. చూసి కూడా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుందనే సరిపెట్టుకుంది.

లోపలికి వెళ్లి బట్టలు సర్దుకుని వచ్చిన రబాబ్ ఎవరినీ తిట్టలేదు. మామగారి ముందు నిలబడింది.

"మామయ్యా, నేను మా నాన్న ఇంటికి పోతున్నాను. ఒక్కటి చేసిపెట్టండి. బుద్ధున్నవాడెవడూ కొననంత వికారమైన మంచం ఒకటి గీయండి. ఆ పెట్టెలోకి ఎక్కించి కాగితం కాల్చేయండి. నాకు చూపించొద్దు, చెప్పొద్దు. అది బజార్లోకి రాకపోతే దొంగను నేనే. వస్తే మాత్రం అప్పుడు నాతో ఎవరు మాట్లాడతారో చూస్తాను."

కోడలు అలిగి పుట్టింటికి పోతే వీధి వీధంతా బాల్కనీల్లోకి వస్తుంది. ఆమె బట్టల పెట్టె పట్టుకుని ఒంటరిగా నడిచిపోయింది. ఇక్రామ్ కిటికీ తలుపు మూసేసింది.

మంచి గీత తప్ప తెలియని రస్లాన్‌కు చెడ్డ గీత గీయడం గండమైంది. చివరికి పళ్లు బిగించి ఒక బాతును గీశాడు. తలవైపు పలక మీద గుడ్డు పెట్టబోతున్నట్టు కూర్చున్న బాతు. మెడ వెనక్కి తిరిగిపోయి ఉంది, కాళ్లేమో ఒంటె కాళ్లు. వజీహ్ దాన్ని యంత్రంలోకి ఎక్కించాడు. కాగితం కుంపట్లో కాలిపోయింది.

ఆ తరువాతి రోజులు ఇక్రామ్‌కు ముళ్ల మీద గడిచాయి. బాతు ఎక్కడా కనిపించకపోతే తన మాట నిలిచినట్టే. కానీ అలా నిలవాలని కోరుకోవాలంటే కొడుకు ముఖం అడ్డం వస్తోంది. అతను తిండి మానేశాడు, కార్ఖానాలోనే పడుకుంటున్నాడు. లేసు ముసుగు కింద యంత్రం రొప్పుతూనే ఉంది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా ఆమె వంటింటి తలుపు వేసుకునేది. పటిక గడ్డను మాత్రం గుడ్డలో చుట్టి బీరువాలో దాచింది. కొడుకు మెత్తబడితే మళ్లీ తీసి చూపించాలని.

పది రోజులు తిరగకముందే రస్లాన్ బజారు నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. షల్కానీ కొట్టు ఫోటోలు పెట్టింది. రాజహంస మంచం, ఐరోపా పద్ధతి, రాబోయే పెళ్లిళ్లకు ప్రత్యేకం.

"ఒంటె కాళ్లతో సహా దించేశాడు," అన్నాడు రస్లాన్. "ఈ ఊళ్లో ఈ బాతును కన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఇక్రామ్, ఆ పిల్ల ఈ ఇంట్లో లేదు."

ఇక్రామ్ తింటున్న అన్నం వదిలేసి లేచింది.

అలిగి వెళ్లిన కోడలిని తీసుకురావడానికి మగ పెద్దలు వెళ్లడం ఆచారం. రస్లాన్ తమ్ముడికి కబురు పెడతానన్నాడు. వెళ్లగొట్టిన నోరే వెళ్లి పిలవాలంది ఇక్రామ్. నెయ్యి కారుతున్న జిలేబీల పెట్టె చేత్తో పట్టుకుని పడవ రేవు దాటి ఒక్కతే వెళ్లింది. వియ్యపురాలు తలుపు తీసింది, కూర్చోమంది, కాఫీ తెచ్చింది. చక్కెర లేని కాఫీ. చావు ఇంట్లో ఇచ్చే కాఫీ అది. ఇక్రామ్ దాన్ని అడుగున గసి దాకా తాగింది. పక్క గదిలోంచి రబాబ్ వచ్చి నిలబడింది. మనిషి చిక్కిపోయింది.

"తప్పు నాది," అంది ఇక్రామ్. ఆ మాట పైకి అనడం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. "నీకు రావాలనిపిస్తే రా. అనిపించకపోతే ఈ గడప దగ్గరే నన్ను తిట్టు, వింటాను."

రబాబ్ తిట్టలేదు. ఆ యంత్రంలో ఎవరో కూర్చుని ఇల్లంతా చూస్తున్నారని, ముందు దాన్ని పీకి పారేయాలని మాత్రం అంది. ఆ తరువాత అక్కడే ఉండిపోతుందో లేదో చెప్పకుండానే చెప్పులు వేసుకుని అత్త వెంట బయలుదేరింది.

ఇంటికి రాగానే రబాబ్ ఇంటర్నెట్ తీగ లాగేసింది. లేసు ముసుగు తీసి మడిచి పక్కన పెట్టి కూర్చుంది. రస్లాన్, వజీహ్ వెనక సోఫాలో ఉన్నారు. యంత్రం మేలుకోగానే తమంతట తామే లేచే ప్రోగ్రాముల వరుస తెరిచి, ఒక్కొక్కటీ ఎవరు తయారుచేసిందో చూసుకుంటూ వచ్చింది. ప్రింటర్ సహాయకుడనే పేరుతో ఒకటి ఉంది. ఈ ఇంట్లో ఆ రకం ప్రింటరే లేదు. తయారుచేసినవాడి పేరు లేదు. కెమెరా, కీబోర్డు, బొమ్మల అర, అన్నింట్లోకీ దానికి అనుమతి ఉంది.

"ఇదే. మనం కొట్టిన ప్రతి అక్షరం, ఎక్కించిన ప్రతి బొమ్మ వాడికి చేరవేసింది," అంది. సాక్ష్యం కోసం తెరను ఫోనుతో ఫోటో తీసుకుంది. ఫిర్యాదు ఇచ్చాక దీన్ని చెరిపితే చాలదని, మామగారి గీతలను మాత్రం పరీక్షించి బయటికి తీసి యంత్రాన్ని పూర్తిగా తుడిచి మళ్లీ మొదటినుంచీ నింపాలని, పాస్‌వర్డులన్నీ వేరే ఫోను నుంచి మార్చాలని వజీహ్‌కు చెప్పింది. ఏదో బడి పిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పింది, అతని వైపు తిరగకుండా.

అప్పుడు అది ఎప్పుడు లోపలికి వచ్చిందో చూసింది. టీ పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డ ఇక్రామ్ కూడా చూసింది. నిరుటి రంజాన్ ముందరి శుక్రవారం, మధ్యాహ్నం. మగవాళ్లు మసీదులో ఉంటారు, రబాబ్ ప్రతి శుక్రవారం పుట్టింట్లో ఉంటుంది. ఇంట్లో ఉండేది ఇక్రామ్ ఒక్కతే. దాని పక్కనే, అదే నిమిషంలో వచ్చిన ఫైలు పేరు కనిపించింది. నదా పెళ్లి ఇల్లు, గదుల కొలతలు.

ఇక్రామ్‌కు అంతా గుర్తొచ్చింది. ఆ శుక్రవారం పెళ్లికూతురి తల్లినంటూ ఇంటర్నెట్లోని కార్ఖానా పేజీకి ఒకావిడ రాసింది. మా నదా తండ్రి లేని పిల్ల, ఈ ఫోటోలు తెరిచి గదికి ఏ మంచం పడుతుందో చెప్పమ్మా, అల్లా నీ ఇంట సంబరాలు నింపుతాడు అని. తెలియనివాళ్లవి ఏవీ తెరవొద్దని వజీహ్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. కానీ పెళ్లికూతురి తల్లి దీవెన ఇచ్చి అడిగితే కాదనే ఆడది ఆ ఊళ్లో లేదు. యంత్రం అనుమతించాలా అని అడిగితే, ఇక్రామ్ బిస్మిల్లా అని నొక్కింది. ఫోటోలేమీ రాలేదు. ఆ తల్లి మళ్లీ రాయలేదు. పాపం పెళ్లి తప్పిపోయిందేమోనని ఇన్నాళ్లూ ఆ పిల్ల కోసం దువా చేసింది.

రబాబ్ తల తిప్పి అత్త ముఖం చూసింది. ఒక్కసారే చూసింది. తెరమీది ఆ కిటికీని మూసేసింది.

"ఇది ఎలా వచ్చింది?" అని వెనక నుంచి వజీహ్ అడిగాడు.

"ఏదో సందేశంతో వచ్చి ఉంటుంది. ఎవరు తెరిచారో చెప్పడం కష్టం," అంది రబాబ్.

ఇక్రామ్ కోడలి వంక చూసింది. ఊరుకుంటే ఊరుకున్నట్టే, జీవితాంతం ఎవరికీ తెలియదు. తేలు కుట్టిన దొంగలా పడి ఉండొచ్చు. తాను పటిక ముక్కలో ముఖం చూసి వీధిలోకి గెంటిన పిల్ల, కళ్లెదుట సాక్ష్యం పెట్టుకుని తనను దాచిపెడుతోంది. ఈ దయ భరించడం కంటే ఆ చక్కెర లేని కాఫీ ఇంకో పది కప్పులు తాగడం నయమనిపించింది.

పళ్లెం బల్ల మీద పెట్టింది. "చెప్పడం కష్టమేం కాదు. నేనే తెరిచాను."

ఏదీ దాచకుండా చెప్పింది. నదా గురించి, దీవెన గురించి, నొక్కిన వేలు గురించి. చెబుతూ ఏడ్చింది. "ఇంటి తలుపు నేనే తీసి పెట్టాను. దొంగ ముఖం మాత్రం దీని మెడకు అతికించాను," అంది.

రస్లాన్ గడ్డం నిమురుకున్నాడు. తరువాత, నెమలి పోతే పోయిందని, తనకింకా వేళ్లున్నాయని అన్నాడు. వజీహ్ లేచి వచ్చి భార్య కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. "అమ్మ పటికను నమ్మింది. నేను దాన్ని కూడా నమ్మలేదు, అయినా నోరు విప్పలేదు. నాదే పెద్ద తప్పు," అన్నాడు. రబాబ్ అప్పుడు ఏడ్చింది. వెళ్లిన రోజు రాని ఏడుపంతా వచ్చింది.

ముఖం తుడుచుకుని, ఆ గడ్డ ఏదని అడిగింది. ఇక్రామ్ సిగ్గుతో బీరువా తీసి గుడ్డ మూట తెచ్చింది. రబాబ్ దాన్ని కిటికీ వెలుగులో తిప్పింది.

"ఇలా పట్టుకుంటే నేనే అత్తయ్యా, నిజమే. ఇదిగో, తలకిందులు చేస్తే మీరు."

రస్లాన్ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు. "నాకు మాత్రం బాతులా ఉంది," అన్నాడు.

ఇక్రామ్‌కు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. గడ్డను నీళ్ల తొట్టిలో వేసి, అది మెత్తబడి కరిగేదాకా అక్కడే నిలబడింది.

మర్నాడు తెల్లవారి చాప మీద కూర్చుని, అలవాటు ప్రకారం పోయిన తల్లి కోసం, మొగుడి చేతివేళ్ల కోసం, కొడుకు కోసం వేడుకుంది. నదా పేరు రావలసిన చోటికి వచ్చి ఆగిపోయింది. లేని పిల్ల కోసం ఇన్నాళ్లు చేతులు చాపింది. ఒకే కప్పు కింద ఉన్న పిల్ల పేరు ఒక్కనాడూ నోట రాలేదు. గొంతు సవరించుకుని, కాస్త పైకే, "రబాబ్" అంది.

వంటింట్లో నిమ్మకాయ కోస్తున్న రబాబ్ కత్తి పక్కన పెట్టి, దువా పూర్తయ్యేదాకా చప్పుడు చేయకుండా నిలబడింది.