కిటికీలకు కట్టిన పరుపులు

పొద్దున్నే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది మొదలు యేసురాజు తిట్లు ఆపలేదు. నేరేడ్‌మెట్‌లో అతనికి మైకుసెట్టు దుకాణం. పెళ్ళిళ్ళకు, ప్రార్థన కూటాలకు సౌండ్ బాక్సులు అద్దెకిస్తాడు. బర్త్‌డే పార్టీ ఉందంటే నిన్న యాప్రాల్‌లో ఒక బంగ్లాకు పంపిన బాక్సుల్ని రాత్రి పోలీసులు పట్టుకుపోయారు.

"పది దాటితే సౌండ్ వద్దంట! ఉన్నోళ్ళ నిద్రకు చట్టముంది, నా కడుపుకు లేదు. ఎవరో ముసలామె ఫోన్ చేసిందంట. ఆమెకేం తక్లీఫో!"

"నీ బాక్సుల లొల్లి బందువెట్టు. డోరా ఇంకా రాలే, ఫోన్ సుత ఎత్తుతలేదు," అంది భార్య సలోమి ఇడ్లీ రేకులు కడుగుతూ.

"దోస్తు ఇంట్ల చదువుకుంటున్నదన్నవు గద. వస్తది తియ్."

అంతలో గేటు ముందు ఆటో ఆగింది. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ దిగి, డోరాను నడుం పట్టుకుని దించింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పిల్ల. ముఖం పాలిపోయి ఉంది. చేతికి సెలైన్ ఎక్కించిన చోట దూది, ప్లాస్టరు.

సలోమి చేతిలోని రేకులు కిందపడ్డాయి.

"నా పేరు జ్ఞానమణి. టీచరుగా రిటైరయ్యాను. రాత్రి పార్టీ జరిగిన యాప్రాల్ బంగ్లా పక్కనే మా ఇల్లు," అందావిడ. "పోలీసులకు ఫోన్ చేసింది నేనే. మోత భరించలేక చేశాను. వాళ్ళొచ్చి చూస్తే లోపల అందరూ చిన్నపిల్లలే, చుట్టూ మందు సీసాలు. మీ అమ్మాయి బాత్రూంలో స్పృహ లేకుండా పడి ఉంది. పోలీసులతో కలిసి నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరు. తెలివొచ్చాక కూడా తెల్లారేదాకా మీ ఇల్లెక్కడో చెప్పలేదు."

యేసురాజు విసురుగా డోరా ముందుకొచ్చాడు. మరుక్షణం చెయ్యెత్తాడు.

"మందిరంల పాటలు పాడే నోటితోని తాగినవా?"

"కూల్‌డ్రింక్‌ల కలిపిండ్రు డాడీ. మొదలు తెల్వలే. తెలిసినంక సుత తాగిన." డోరాకు ఏడుపు ముంచుకొచ్చింది. "కడుపుల మంటలేస్తే మస్తు అరిచిన. ఎవ్వరికీ వినరాలే."

"ఎందుకు వినరాదే?"

"కిటికీలకు పరుపులు కట్టిండ్రు. గట్ల కడితే సౌండ్ బయటికి పోదు, పోలీసులు రారని మైకు అంకుల్ చెప్పిండంట. అందరు నవ్విండ్రు. ఆ అంకుల్ మా డాడీయే అని నేను చెప్పలే."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ ఉపాయం అతను ప్రతి గిరాకీకీ చెప్పేదే. నిన్న ఫోన్‌లో అవతలి గొంతు లేతగా ఉందని తెలిసీ చెప్పాడు. ఎవరి పిల్లలైతే నాకేంటి అనుకున్నాడు.

"మరి... మీకెట్ల వినొచ్చిందమ్మా?"

"మీ అమ్మాయి పడిపోవడం చూసి ఎవరో పిల్ల భయపడి, బయటికి వినపడాలని ఒక పరుపు లాగేసిందట. ఒక్కసారిగా మా గోడలు అదిరాయి."

"ఆ పిల్లే లేకుంటే నీ తెలివి నా బిడ్డను మింగుతుండె," అంది సలోమి.

యేసురాజు గడప మీద కూలబడ్డాడు. "అమ్మా, పొద్దుగాల సంది మిమ్ములనే తిడుతున్న."

"ఆటో మలుపు తిరుగుతుంటేనే విన్నాలే," అంది జ్ఞానమణి. "మీ గొంతుకి మైకు అక్కర్లేదు."

డోరా వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. "సారీ డాడీ."

"నువ్వు అనకు బిడ్డా ఆ మాట." ఆమె తలను భుజానికి ఆనించుకున్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కూడా కదల్లేదు. కాసేపటికి పిల్ల కళ్ళు మూతపడ్డాయి.

ఫోన్ మోగింది. బాక్సులు తీసుకుపోతావా లేదా అని స్టేషన్ నుంచి కానిస్టేబుల్ కేకలేస్తున్నాడు.

"వస్త సార్. బాక్సుల కోసం కాదు. పరుపులు కట్టుమన్నది నేనేనని చెప్పనీకి వస్త." యేసురాజు గొంతు పూర్తిగా తగ్గించాడు. "జెర మెల్లగ మాట్లాడుండ్రి సార్... నా బిడ్డ ఇప్పుడే పండుకున్నది."