పదిహేడో స్టేషన్ తాడు

వీరభద్రాన్ని పెయింట్ షాప్ కింది బురద తొట్టిలోంచి కొక్కేలు వేసి లాగారు. కార్లకు రంగు కొట్టగా కారిన మడ్డంతా చేరే తొట్టి అది. ఎరుపూ నీలమూ తెలుపూ కలిసి, పాచిపోయిన పెరుగులా తరకలు కట్టి తేలుతుంటుంది. ఇక ఆ కంపా, చెప్పుకోకపోతేనే మంచిది. బయటకు తీసిన ఇద్దరూ గోడ పట్టుకుని కక్కేశారు.

ఒంటారియోలోని అకిహార మోటార్స్ ప్లాంట్‌లో ఆయన బ్రేకుల ఇన్‌స్పెక్టర్. "తాగి పడ్డాడు" అని రాసి ఫైలు మూసేశారు. కానీ పోయే ముందు ఆయన ఫోన్ నుంచి, ఆయన గుట్టుగా కబుర్లు చేరవేసే సీక్రెట్ బ్యూరోకి ఒక మెసేజ్ వెళ్లింది.

"పదిహేడో స్టేషన్‌లో ఇరవై రెండు రోజులుగా ఎవరూ తాడు లాగలేదు."

మర్నాడు ఉదయం ఏజాక్స్‌లోని ఒక ఇండియన్ కిరాణా షాపులోకి ఏజెంట్ చక్రధర్ అడుగుపెట్టాడు.

"పాత ఇంగువ ఉందా?"

"డబ్బా పగిలింది. వెనక్కి రండి."

వెనక గదిలో, కుళ్లిన ఉల్లిపాయల బస్తాల మధ్య చీఫ్ అమరేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన వీరభద్రం భార్య శాంతమ్మ. మోచేతి దగ్గర డయాలసిస్ సూదుల మచ్చలు.

"మా ఆయన తాగి పడ్డాడంటున్నారు నాయనా," అందామె. "ముప్పై ఏళ్ల కాపురంలో దగ్గు మందు కూడా వాసన చూసి పారబోసిన మనిషి."

"నాకు తెలుసమ్మా," అన్నాడు చక్రధర్. చీఫ్ వైపు తిరిగాడు. "ఈ తాడేంటి సార్?"

"ఆ కంపెనీ పుట్టుకే అక్కడుందయ్యా. అకిహార తాత మొదట్లో మగ్గాలు చేసేవాడు. పోగు తెగినా మగ్గం ఆడుతూనే ఉంటే బట్టంతా పాడవుతుందని, పోగు తెగగానే దానంతట అదే ఆగిపోయే మగ్గం కనిపెట్టాడు. కొడుకు లారీల్లోకి దిగాడు, మనవడు కార్లలోకి. నలభై ఏళ్ల కిందట కెనడా వచ్చారు. అన్నీ మారినా ఆ పద్ధతి మారలేదు. కార్లు బిగించే లైన్‌లో ఒక్కో పనికి ఒక్కో స్టేషన్, వాటి పొడుగునా తల మీద ఒక తాడు ఉంటుంది. తప్పు కనబడితే ఎవరైనా లాగొచ్చు. లైన్ ఆగిపోతుంది. ఆ స్టేషన్ చెయ్యి పడ్డ బండి ఎక్కడున్నా కదలకూడదు. లాగినవాళ్లకి ప్లాంట్ హెడ్ స్వయంగా వచ్చి థాంక్స్ చెప్తాడు."

"రోజుకెన్నిసార్లు లాగుతారు?"

"ఒక్కో స్టేషన్‌లో పది, పదిహేను."

చక్రధర్ ముఖం ముడుచుకుంది. ఇరవై రెండు రోజులుగా ఒక్కసారీ లాగలేదంటే, ఎవరో నోళ్లు నొక్కుతున్నారన్నమాట.

"ఇవాళ పన్నెండింటికి అక్కణ్ణుంచి నలభై వాన్లు రైల్లో బయల్దేరుతున్నాయి," అన్నాడు చీఫ్. "డయాలసిస్ పేషెంట్లని తిప్పే వాన్లు. ఒకటి ఏజాక్స్ క్లినిక్‌కే. సోమవారం శాంతమ్మగారు ఎక్కాల్సింది దాంట్లోనే. లోపల మన మనిషి ఉంది. క్వాలిటీ మేనేజర్ మధుమిత."

పదిన్నరకల్లా చక్రధర్ పాండురంగ అయిపోయాడు. అంటించుకున్న మీసం, స్టీల్ బూట్లు, టెంపరరీ వర్కర్ బ్యాడ్జ్. కళ్లకు సేఫ్టీ గ్లాసెస్. ఏ చిప్ ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో చెప్పేసే స్కానర్ ఆ అద్దాల్లోనే ఉంది. చూసిందీ విన్నదీ అంతా చీఫ్‌కి చేరుతుంది.

పదిహేడో స్టేషన్‌లో బ్రేకుల్ని నడిపే చిప్‌లుండే బ్రేక్ బాక్సులు బిగిస్తారు. పక్కనున్నామె పేరు లక్ష్మమ్మ, కరీంనగర్ మనిషి. ఒక బాక్స్ మూత సరిగా పడలేదు. ఆమె చెయ్యి తాడు దాకా లేచింది. అంతలోనే దిగిపోయింది.

"లాగవేం అక్కా?"

"ఊకో అన్నా. తాడు ముట్టుకుంటే, ఈ దేశంల ఉండనిచ్చే పీఆర్ లెటర్ మీద సంతకం పెట్టనన్నది మధుమిత మేడం. నా కాయిదం నెల సంది ఆమె కాడనే ఉన్నది. వీరభద్రం సారు లాగుతనన్నడు. తెల్లారే తొట్ల తేలిండు."

చక్రధర్ బాక్స్‌లోకి చూశాడు. గ్లాసెస్ అంచున ఎర్ర అక్షరాలు వెలిగాయి. కంపెనీ చిప్ కాదు. రేడియో సిగ్నల్ అందితే బ్రేకులు వదిలేసే చిప్.

ఎంతో సన్నని అత్తరు వాసన. మధుమిత వచ్చింది. సేఫ్టీ వెస్ట్ కూడా ఆమె ఒంటి మీద పట్టుచీరలా ఉంది. చేతిలో బార్‌కోడ్ స్కానర్.

"నా బెస్ట్ స్టేషన్ ఇది, చక్రీ," అంది చిన్నగా. "ఇరవై రెండు రోజులు, జీరో స్టాప్స్. వీళ్లకి కేక్ కూడా కోయించాను."

మారువేషంలో ఉన్నవాణ్ణి నలుగురిలో అసలు పేరుతో పిలిచేసరికే అతనికి అర్థమైంది, ఆమె మన మనిషి కాదని. ఆలస్యంగా. స్కానర్ మూతి అతని పక్కటెముకలకు ఆనింది. అందులోంచి వచ్చేది లైటు కాదు, తూటా.

"బాక్స్ పట్టుకునే ఉండు. చేతులు పైకి లేచాయో, కాల్చేస్తా."

"ఎవరికి అమ్ముడుపోయావు?"

"పేరెందుకు? సముద్రం అవతలి పోటీ కంపెనీ వాళ్లు. నెక్స్ట్ మంత్ సిగ్నల్ ఇస్తారు. హైవే ఫోర్ నాట్ వన్ మీద, మంచు పడే రోజు చూసి. ఆ తర్వాత ఈ బండి మొహం ఎవడూ చూడడు."

"లోపల మనుషులుంటారు."

"డయాలసిస్ వాళ్లేగా, చక్రీ. వాళ్లకేం మిగిలిందని?" అని పెదవుల రంగు సరిచూసుకుంది.

ఇలాంటి మనిషినా ఏడాదిపాటు మన మనిషి అనుకున్నది! ఛీ! ఆమెతో కూర్చుని ఎన్ని కాఫీలు తాగాడో!

పదకొండూ యాభై తొమ్మిది. బయట రైలు కూత వేసింది. అతను లక్ష్మమ్మ వైపు చూశాడు. అరవలేదు, సైగ చెయ్యలేదు. "వీరభద్రం భార్య ఎక్కే బండి ఆ రైల్లోనే ఉంది అక్కా," అన్నాడు, అంతే.

లక్ష్మమ్మ తాడు వంక చూసింది. మేడం వంక చూసింది. "నీ సంతకం నువ్వే పెట్టుకోయే!" అని రెండు చేతులా తాడు పట్టుకుని వేలాడింది.

టింగ్ టింగ్ అని చిన్నపిల్లల పాటలాంటిది మోగింది. లైన్ ఆగింది. ఫ్యాక్టరీ అంతా చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మధుమిత నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది.

"ఎవర్తే లాగింది? వీరభద్రానికి పట్టిన గతే నీకూ పట్టిస్తా!"

అప్పటికే ప్లాంట్ హెడ్ మొరివాకి, ఆచారం ప్రకారం థాంక్స్ చెప్పడానికి, టోపీ సర్దుకుంటూ పరుగున వస్తున్నాడు. ఆయన వెనకే సెక్యూరిటీ. తెలుగు రాకపోయినా, లాగిన మనిషి మీద అరిచే మేనేజర్‌ని ఆయన ఈ కంపెనీలో ఇంతవరకు చూడలేదు. ఉన్నచోటే నిలబడిపోయాడు. మధుమిత తల తిప్పింది. చక్రధర్ బ్రేక్ బాక్స్ ఆమె మణికట్టు మీద దిగింది. తూటా పైకప్పులోకి పోయింది.

నలభై వాన్లూ రైలు మీదే బిగుసుకుపోయాయి.

మొరివాకి నడుం వంచి లక్ష్మమ్మకు నమస్కరించాడు. తాడు లాగినవాళ్లు చీటీ నింపాలన్న రూలు ప్రకారం కాగితమూ పెన్నూ ఇచ్చాడు. మధుమిత దగ్గరున్న పీఆర్ లెటర్ తెప్పించి సంతకం అక్కడే పెట్టాడు. చీఫ్ చేతిలో మధుమిత అరుపు రికార్డింగ్ ఉంది. "తాగి పడ్డాడు" అన్న మాట కొట్టేయించాకే ఆయన శాంతమ్మకు ఫోన్ చేశాడు.

లక్ష్మమ్మ పెన్ను కొరుకుతూ ఆలోచించి, తెలుగులోనే నింపింది.

స్టేషన్: పదిహేడు. దొరికిన తప్పు: మేనేజర్. చేసిన పని: ఊడబీకినం.