ఊపిరి హాల్లో కొవ్వొత్తి

టొప్లెనిత్సా ఆరోగ్యధామంలో మసాజులు చేసే మనిషి వేడినీళ్ళ కొలనులో శవమై తేలిన మర్నాడే గూఢచారి యావర్‌కి పిలుపొచ్చింది. కొండదారిలో కారు నడుపుతూనే పని అప్పజెప్పింది కర్నల్ జ్లాతేవా. పక్కవాడి ముఖం చూసి మాట్లాడే అలవాటు ఆవిడకి ఎప్పుడూ లేదు.

"పోయినవాడు మనవాడే. ఊళ్ళో అందరూ గుండెపోటంటున్నారు. గుండెపోటొచ్చినవాడి మెడ మీద సూది గుచ్చిన గుర్తెందుకుంటుంది?"

"ఏం కనుక్కున్నాడు మేడమ్?"

"సగం. పేలుడు ఇవాళే, మంత్రిగారు చేసే ప్రారంభోత్సవంలోనే. పేల్చేవాడు లోపలి మనిషి. మన దేశస్థుడిలా దొంగ పాస్‌పోర్టుతో చేరాడు. పేరు చెప్పేలోపే చంపేశారు."

బొగ్గు గని మూతపడ్డాక టొప్లెనిత్సా సగం ఖాళీ అయిపోయింది. మిగిలినవాళ్ళు వేడినీళ్ళ స్నానాల మీద ఆశ పెట్టుకున్నారు. కొండ మీద గాలిమరలు పెట్టారు. ఆ కరెంటుతో నీటిని విడగొట్టి, హైడ్రోజన్‌తో కొలనులు కాచి, మిగిలిన ఆక్సిజన్‌ని గోడల్లోంచి ఒక పెద్ద హాల్లోకి పంపారు. గనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న ముసలాళ్ళంతా అక్కడే కూర్చుని మాస్కులు పెట్టుకుని గాలి పీల్చుకుంటారు. ఊరంతా దాన్ని ఊపిరి హాలంటారు. పొగ లేదు, మసి లేదు. బయటి దేశాలనుంచి గదుల కోసం ఫోన్లు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి గ్యాసమ్ముకుని బతికిన విదేశీ ముఠాకి కంట్లో నలుసు పడింది. ఒక్క పేలుడు చాలు, మళ్ళీ హైడ్రోజన్ పేరెత్తే మగాడుండడు.

"ముందే అందర్నీ ఖాళీ చేయించేద్దాం," అన్నాడు యావర్.

"అలారం వినపడిన మరుక్షణం వాడు పని కానిచ్చేస్తాడు. చడీచప్పుడు లేకుండా పట్టుకోవాలి."

"ఆ హాల్లో మా నాన్న ఉన్నాడు మేడమ్."

"తెలుసు. అందుకే నిన్ను పిలవకూడదనుకున్నా. ఏం చెయ్యను, వేరే మనిషి లేడు." ఆవిడ గేరు మార్చింది. "ఇంకోమాట. రలిత్సా నుంచి ఆర్నెల్లుగా ఉలుకూ పలుకూ లేదు. అటే కలిసిపోయిందని నా నమ్మకం. అడ్డమొస్తే కాల్చెయ్."

రలిత్సా! ముఠాలోకి తాము పంపిన మనిషి, ముఠా ఈ ఆరోగ్యధామంలోకి పంపిన మనిషి, రెండూ ఆమే. యావర్‌తో తొమ్మిదేళ్ళు కలిసి పనిచేసింది.

కొత్త మసాజు మనిషిగా దిగాడు. పెట్టుడు మీసం, తెల్లకోటు, జేబులో ఒక పెన్ను. అది రాయదు, హైడ్రోజన్ సోకితే గజగజ వణుకుతుంది. ఆ గ్యాసుకి వాసనా లేదు, రంగూ లేదు మరి.

లాబీలో ఎర్రటి డ్రెస్సులో, అతిథులందరి కళ్ళూ తనమీదే ఉండగా, రలిత్సా నిలబడి నవ్వుతోంది. ఇక్కడ ప్రచార వ్యవహారాలన్నీ ఆమె చేతుల్లోనే. యావర్ దగ్గరగా వెళ్ళి పాత కోడ్ మాట అన్నాడు.

"కొండమీద మంచు పల్చబడిందండీ."

ఆమె చెప్పాల్సిన జవాబు అతనికి తెలుసు. ఆమె చెప్పలేదు. "మంచు సంగతి రిసెప్షన్‌లో కనుక్కోండి," అని నవ్వు చెదరకుండా పక్కకి తిరిగింది. అయిపోయింది, ఈవిడ కూడా పోయింది అనుకున్నాడు యావర్. లోకంలో ఒంటరిగా మిగిలినట్టు అనిపించింది.

ఊపిరి హాల్లో ముసలాళ్ళ సందడి పెళ్ళివారి విడిదిలా ఉంది. ఆరోజు సెయింట్ హరలాంపి పండుగ. తేనె పండుగ. చర్చికి నడవలేనివాళ్ళ కోసం ఫాదర్ ఒనుఫ్రీయే ఇక్కడికొచ్చి తేనె సీసాలను దీవించబోతున్నాడు. బల్లమీద సీసాలన్నీ శిలువ ఆకారంలో పేర్చారు. ఒక్కో సీసాకి ఒక్కో కొవ్వొత్తి అంటించి ఉంది, ఇంకా వెలిగించలేదు.

తండ్రి మెతోది గడప పక్క మూల కుర్చీలో ఉన్నాడు. భుజాలు ఎముకలగూడయ్యాయి. యావర్ వెనకనుంచి చేతులు వేశాడు.

"మెల్లగా బాబూ! అది మనిషి వీపురా, రొట్టెపిండి కాదు."

"పెద్దాయనా, కాసేపు బయట కూర్చుందాం, రండి," అన్నాడు యావర్ గొంతు మార్చి.

"నీకేమైనా పిచ్చా? ఇన్నేళ్ళకి కాస్త ఊపిరాడుతోంది. కదలనంటే కదలను. మావాడైనా వచ్చి చూస్తే బాగుండేది. సోఫియాలో ఏదో ఆఫీసట. తండ్రి ఉన్నాడో పోయాడో కనుక్కునే తీరికలేని ఆఫీసు."

యావర్ పళ్ళబిగువున నొక్కుతూ పోయాడు. నాన్నా, నేనేనని ఒక్కమాట అంటే చాలు. అనలేడు.

"ఆక్సిజనున్న చోట కొవ్వొత్తులేంటి? ఎవరొప్పుకున్నారు?"

"ఇంజనీరు బాబే. దీవెన జరిగినంతసేపూ గాలి కట్టేస్తాడట, మేం మాస్కులు తీసేస్తామట. ఆయన మాట మటుకు ఎత్తకు, ఒళ్ళు మండుతుంది! పేరు హరలాంపి. ఇవాళ హరలాంపి పండుగ. ఎంత లేనివాడైనా తన పేరు పండుగనాడు చుట్టూ ఉన్నవాళ్ళ నోరు తీపి చేస్తాడా లేదా? పొద్దున్నించి ఎదురుగా తిరుగుతున్నాం. చాక్లెట్టు ముక్క లేదు, బెల్లం ముక్క లేదు. పైగా నేను శుభాకాంక్షలు చెబితే, ఏం తెచ్చావని నన్నే అడిగాడు! ఏ తల్లి కన్నదో!"

యావర్ చేతులు ఆగిపోయాయి. పిసినారులు ఈ దేశంలో చాలామందే ఉన్నారు. కానీ తన పేరు పండుగ నాడు ఎదుటివాణ్ణి తీపి అడిగే మనిషి ఈ నేలమీద పుట్టలేదు, పెరగలేదు.

జేబులో పెన్ను ఒక్కసారి వణికింది. ఆగింది. మళ్ళీ వణకడం మొదలుపెట్టి, ఇక ఆగలేదు.

అలారం మోగిస్తే తండ్రితో సహా అందరూ పోతారు. యావర్ మెట్లు దిగి కంట్రోల్ రూమ్‌కి పరుగెత్తాడు. తలుపు తీసి, నవ్వు ముఖం పెట్టుకుని, "పేరు పండుగ శుభాకాంక్షలు సార్!" అన్నాడు.

ఇంజనీరు కుర్చీ తిప్పాడు. "థాంక్స్. ఏం తెచ్చారు?"

"ఇదిగో," అని యావర్ వాడి దవడ పగలగొట్టాడు.

వాడు సామాన్యుడు కాదు. పడుతూనే కాలు అడ్డుపెట్టి యావర్‌ని నేలమీదికి లాగాడు. చేతికి దొరికిన రెంచి తీసి యావర్ మోకాలి మీద ఒక్కటిచ్చాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. ఈలోపు వాడు గోడమీది పెద్ద వాల్వు చక్రాన్ని ఇంకో చుట్టు తిప్పాడు. హైడ్రోజన్ ఆక్సిజన్ పైపులోకి పోతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

తలుపు దగ్గర ఎర్రటి డ్రెస్సు. రలిత్సా చేతిలో తుపాకీ ఉంది.

"మంచి టైముకి వచ్చావు. కాల్చు వీణ్ణి," అన్నాడు ఇంజనీరు.

యావర్ కళ్ళు మూసుకున్నాడు. తుపాకీ పేలింది. మోకాలి నొప్పి అలాగే ఉంది. అంటే తను బతికే ఉన్నాడు. కళ్ళు తెరిచేసరికి ఇంజనీరు భుజం పట్టుకుని గోడకి జారబడుతున్నాడు.

"కిందకొచ్చేసరికి చిక్కబడుతుంది," అంది రలిత్సా. కోడ్ మాటకి జవాబది. "ఆర్నెల్లుగా నా ఫోను, నా గది, నా ఊపిరి కూడా వాళ్ళ నిఘాలోనే. లాబీలో కూడా నా చెవి కమ్మలో వాళ్ళ మైకే ఉంది. వీడికి పేరు పెట్టమని నాకే చెప్పారు. హరలాంపి అని పెట్టి, ప్రారంభోత్సవం ఈ రోజుకి జరిపించాను. పేరు పండుగ మర్యాద వాడికి తెలీదుగా, మనవాడెవడైనా ఇట్టే పట్టేస్తాడనుకున్నా."

"కొవ్వొత్తులో?"

"నాకు తట్టలేదు యావర్!" ఆమె ఏడ్చేసింది. "పండుగ కార్యక్రమం చదివి వాడు దాన్నే నిప్పుగా వాడుకున్నాడు. తప్పు నాదే. పరుగెత్తు. వాల్వు నేను కట్టేస్తా, పైకప్పు కిటికీలు తెరుస్తా. కానీ హాలు ఇప్పటికే నిండిపోయింది."

యావర్ కుంటుతూ మెట్లెక్కాడు. ఒక్కో మెట్టూ ప్రాణం తీస్తోంది. పైన పాట మొదలైంది. ఫాదర్ ఒనుఫ్రీ గొంతు. నడవా చివర ఆయన వీపు కనబడింది, చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి, హాలు గడప మీదికి కాలు వేస్తున్నాడు. అరిచినా ఆయనకి వినపడదు, ఆయనకి చెవుడని ఊరంతటికీ తెలుసు. పరుగెత్తి అందుకుందామంటే దూరం చాలా ఎక్కువ. తుపాకీ పేలిస్తే అదీ నిప్పే.

దేవుడా, నాన్న లోపలున్నాడు. ఒక్క మాట కావాలి. ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా ఆలోచించకుండా కదిలే మాట. మీసం ఊడిపడుతున్నా చూసుకోకుండా, చిన్నప్పుడు గని వాకిట్లో విన్న కేకని, పెద్దవాళ్ళు వింటే ముఖాలు పాలిపోయే కేకని, గొంతు చిరిగేలా వేశాడు.

"గ్యాస్!"

అంతే. ఎవరూ ఏమిటని అడగలేదు. ఏ గని కార్మికుడూ అడగడు; గ్యాసు అంటుకుంటే మంట నెత్తిమీదుగా పోతుంది, నేలే రక్ష. నడవలేని ముసలాళ్ళు, ఊపిరాడని ముసలాళ్ళు, మాట పూర్తయ్యేలోపే నేలకి బోర్లా పడ్డారు. మెతోది ఒక్కడే పడలేదు. గడప పక్క కుర్చీలోంచి లేచి, ఫాదర్ చేతిలోని మంటని రెండు వేళ్ళమధ్య నలిపేసి, ఆయన మెడ పట్టుకుని తనతోపాటు కిందకి లాగాడు. గనిలో మెతోది నేర్చుకుంది అదే. ముందు నిప్పు, తర్వాత నువ్వు.

పైన కిటికీలు ధడాలున తెరుచుకున్నాయి. గాలి ఈలవేస్తూ పైకి పోయింది. మంచు తునకలు ముసలాళ్ళ వీపులమీద రాలాయి. ఎవరూ కదల్లేదు. యావర్ జేబులో పెన్ను నెమ్మదించి, నెమ్మదించి, ఊరుకుంది.

అతను పాకుతూ వెళ్ళి తండ్రి పక్కన పడ్డాడు. ముసలాయన తల తిప్పి, ఊడిన మీసాన్ని, ముఖాన్ని చూశాడు.

"నువ్వట్రా!"

"నేనే నాన్నా."

"భయపడ్డావా?"

"చచ్చేంత."

"నేనూ," అని కాలిన వేళ్ళతోనే కొడుకు చెవి మెలేశాడు మెతోది. యావర్ ఆ చేతిని రెండుచేతులా పట్టుకుని, యాభై ఏళ్ళొచ్చిన సంగతి మరిచిపోయి ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే, ఎప్పటిలాగే ఆలస్యంగా, కెమెరాలవాళ్ళని వెంటేసుకుని మంత్రిగారు వచ్చారు. తెరిచిన పైకప్పునీ, పడుతున్న మంచునీ, ఫాదర్‌తో సహా నేలమీద బోర్లా పడుకుని కళ్ళు మూసుకున్న పెద్దలందర్నీ చూసి, గొంతు తగ్గించి, పక్కకొచ్చిన రలిత్సాని అడిగారు:

"అబ్బ, ఎంత ప్రశాంతత! ఈ చికిత్సకి నాక్కూడా ఓ వారం బుక్ చేయించమ్మా."