మునెమ్మ బావిలో పిల్లలు

నగరి దాటి కొండవైపు మట్టిదారి పడితే మునెమ్మ బావి వస్తుంది. పొద్దు గుంకాక ఆ దారిన ఎవరూ పోరు. ఇద్దరు పిల్లలను నడుముకు కట్టుకుని మునెమ్మ అందులో దూకిందనీ, మంగళవారం రాత్రిళ్లు అక్కడేదో కిరకిరమంటుందనీ చెప్పుకుంటారు.

మునెమ్మ సంగతేమో గానీ, ఆ కిరకిర మాత్రం దొరస్వామిది.

దొరస్వామి మగ్గాల నూలుకు రంగులు వేసేవాడు. వారమంతా మిగిలిన రంగునీళ్లను డ్రమ్ములకెత్తి, మంగళవారం రాత్రి కిరకిరలాడే తోపుడుబండి మీద తెచ్చి ఆ బావిలో పోసేవాడు. మూడేళ్లుగా అదే పని. కిరకిర విన్నవాళ్లు దెయ్యమన్నారు. ఆయన కాదనలేదు సరికదా, "నేనూ విన్నానబ్బా" అని టీకొట్టు దగ్గర ఇంకో రెండు కలిపి చెప్పాడు. దెయ్యం ఉన్నంతకాలం బావిలోకి తొంగిచూసేవాడు ఉండడు కదా! రంగులో నాని నాని ఆయన వేళ్లకు స్పర్శ పోయింది. మనసూ అలాగే మొద్దుబారింది.

ఆ మంగళవారం కూడా నాలుగు డ్రమ్ములతో వచ్చాడు. ఎవరైనా ఉన్నారేమో చూసుకునే అలవాటు కొద్దీ బండిని తుమ్మచెట్ల కింద ఆపి, నడిచి వెళ్లాడు. బావి ఇంకా ఇరవై అడుగులుందనగా...

గుసగుస.

గట్టు మీద తెల్లచీర — లోపలికి వంగి ఉంది.

"పోండి బిడ్డలారా... పోండి... ఈసారన్నా బతకండి..."

ఆ వెంటనే నీళ్లలో — బుడుంగ్!

దొరస్వామి ఉన్నచోటే ఆగిపోయాడు. తాను పెంచి పోషించిన కథ తననే పట్టుకుందనుకున్నాడు. వెనక్కి ఒకడుగు వేశాడు. కాలికింద ఎండాకు నలిగింది. తెల్లచీర ఇటు తిరిగింది.

"ఎవురది? మనిషివేనా?"

దెయ్యం అడగాల్సిన ప్రశ్న కాదది. సెల్లు లైటు వేశాడు. పక్కపల్లె ప్రసూనాంబ అవ్వ. చేతిలో బిందె, బిందెలో వేలెడేసి చేపపిల్లలు.

"ఏం చేస్తా ఉండావవ్వా?"

"మా బోరు ఎండిపోయినాదప్పా. నాలుగిళ్లకూ ఇంక ఈ బాయే గతి. నీళ్లు మంచియో కాదో సూడాలంటే చేపల్నే గదా వదిలేది? రెండు తూర్లు వదిలినా. రెండు తూర్లూ బుధారం పొద్దున సచ్చి తేలినాయి." అవ్వ గొంతు తగ్గించింది. "మంగళారం అదొస్తాది గదా... అదే సంపతా ఉండాది. మొన్న దప్పికకు ఓర్చుకోలేక మా మనవరాలు భవిత ఈ నీళ్లే తాగేసింది. మూడు దినాలు ఒకటే వాంతులు."

దొరస్వామికి ఏమీ అనిపించలేదు. అనిపించనందుకే భయమేసింది.

"కాపలా కూసుందామని వచ్చినా. ఇంట్లో బిడ్డ ఒక్కతే ఉండాది..." అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "నువ్వు మొగోడివి. తెల్లారేదాకా ఈడ ఉంటావా నాయనా? మనిషి కనపడితే అది రాదంట."

ఊఁ అన్నాడు.

అవ్వ వెళ్లిపోయింది. దొరస్వామి గట్టు మీద కూర్చున్నాడు. చెట్ల కింద నాలుగు డ్రమ్ములు. చూసేవాళ్లు లేరు... పావుగంట పని. రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ కింద చీకట్లో ఏదో చిన్నగా కదిలింది. మళ్లీ కూర్చున్నాడు.

తెల్లవారుతుండగా అవ్వ ఆయాసపడుతూ వచ్చి బావిలోకి వంగింది.

"కదలతా ఉండాయప్పా! అన్నీ కదలతా ఉండాయి!" ముసలిముఖం వెలిగిపోయింది. "అది రాలేదు గదా?"

"వచ్చిందవ్వా."

"అమ్మో..." అవ్వ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "వచ్చి ఏం చేసింది?"

దొరస్వామి తల ఎత్తలేదు.

"రాత్రంతా ఈడే... నీ చేపల పక్కన కూసోనుండాది."